యంత్రానికి నేర్పిన ఓపిక

సుత్తి మొదటి దెబ్బకు పెట్టె తలుపు సొట్టపోయింది. రెండో దెబ్బకు ఊడి కిందపడింది. మూడో దెబ్బ లోపల మినుకుమంటున్న పచ్చ లైట్ల మీద పడేసరికి ఆ వరసలోని యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. షెడ్డు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే సుత్తి పట్టుకున్నవాడి రొప్పు అటు చివరిదాకా వినపడింది.

"నీ తీగల్ని రోజూ జోకొట్టి పడుకోబెడతావు కదే! ఇదిగో, నేను శాశ్వతంగా పడుకోబెట్టాను. చాలా?" అని అరిచాడు పిడుగు.

అరిచింది పరాయివాళ్ళ మీద కాదు, సొంత పెళ్ళాం మీద. పిడుగు ఆ ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సు మేస్త్రీ. ఇనుప రేకును అచ్చు మీద పరిస్తే చాలు, పైనుంచి ఏనుగంత బరువు దిగి ఒక్క గుద్దుతో దాన్ని కారు తలుపు చేసేస్తుంది ఆ ప్రెస్సు. రోజూ దాని పక్కన నిలబడబట్టి అతనికి అంత కోపం వచ్చిందో, కోపం చూసే ఆ పని ఇచ్చారో గానీ, పిడుగని పేరు పెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్యాలి.

పగిలిన పెట్టె అతని పెళ్ళాం పెట్టించింది. ఏ యంత్రం ఏ తీగ మీదుగా ఏ యంత్రంతో మాట్లాడాలో చూసే పని ఆమెది. ఫ్యాక్టరీ అంతా ఆమెను జోలక్క అంటుంది. తీగలకు జోలపాడి నిద్రపుచ్చుతుందట! మొదట వెక్కిరింతకే అన్నారు. తరవాత ఆమెకే ఆ పేరు ముద్దొచ్చింది.

విషయం చెప్పాలంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. యంత్రాలు మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా వాటి మధ్య తీగలు పొద్దస్తమానం మేలుకునే ఉండి కరెంటు తాగుతుంటాయి. పనిలేనప్పుడు పడుకోవచ్చు కదా అని జోలక్క వాటికి నిద్ర అలవాటు చేసింది. అయితే నిద్ర లేపడానికీ కరెంటు కావాలి. మాట వచ్చినప్పుడల్లా లేపుతుంటే ఆదా ఏముంది? అందుకని ఆమె ఇంకో ఏర్పాటు చేసింది. వచ్చిన మాటల్ని పెట్టెలో కూర్చోబెడుతుంది. నాలుగు మాటలు పోగయ్యాక తీగను లేపి అన్నిటినీ కలిపి పంపుతుంది. నిండితే గానీ వ్యాను తియ్యని డ్రైవరు ఉంటాడు చూడండి, అచ్చం అలాగే. రద్దీ వేళ వ్యాను ఎక్కీ ఎక్కగానే నిండుతుంది, ఎవరికీ తెలియదు. రద్దీ లేనప్పుడే ఒంటరి ప్రయాణికుడు లోపల కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి. ఇక్కడ ఆ ఎదురుచూపు రెప్పపాటు కన్నా తక్కువ.

"రెప్పపాటుకు ఎవరు చచ్చారయ్యా?" అనేది జోలక్క. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

ఆమెకు వత్తాసు షీల్డు సారు. షెడ్డు మొత్తానికి పెద్ద సూపర్‌వైజరు. కరెంటు ఆదాలో అన్ని షెడ్ల కన్నా ముందుండే షెడ్డుకు ఏడాదికోసారి ఒక ఇత్తడి షీల్డు ఇస్తారు. దాన్ని తన గదిలో తగిలించడానికి మేకు కూడా ముందే కొట్టి పెట్టుకున్నాడు. అందుకే ఆ పేరు.

చిక్కంతా ప్రెస్సు దగ్గర వచ్చింది. ప్రెస్సు ముందు రెండు స్తంభాలుంటాయి, వాటి మధ్య కంటికి కనపడని వెలుగు తెర. ఆ తెర క్షణక్షణం ప్రెస్సుకు "ఎవరూ లేరు, ఎవరూ లేరు" అని కబురు పంపుతుంటుంది. తెరలో చెయ్యి పడితే "ఉన్నారు" అని కేక పెడుతుంది, దిగే ప్రెస్సు దిగినచోటే ఆగుతుంది. కబురు ఆలస్యమైనా సరే, ఎవరో ఉన్నారనే అనుకుని ఆగిపోతుంది. ఒకసారి ఆగితే, మళ్ళీ బటన్ నొక్కేదాకా కదలదు. మహా అనుమానపు ముండ! కానీ మనుషుల చేతులు మనుషులకు మిగిలింది ఆ అనుమానం వల్లే.

భోజనం వేళ సగం యంత్రాలు ఆగుతాయి. పిడుగు జట్టు మాత్రం వంతులు వేసుకుని ప్రెస్సు నడుపుతూనే ఉంటుంది. చుట్టూ సద్దుమణిగిన ఆ వేళే తెర పంపే కబురు జోలక్క పెట్టెలో తోడు కోసం కూర్చునేది. ప్రెస్సు అనుమానపడి ఆగిపోయేది. రేకు పాడయ్యేది. లాగి పారేసి, బటన్ నొక్కి, ఇంకో రేకు పెట్టేసరికి మళ్ళీ ఆగేది. ఆ రోజు అలా ఆగీ ఆగీ రేకులు గుట్టపడితే షీల్డు సారు వచ్చి, పదిమందిలో పిడుగు కాలరు పట్టుకుని, అతని టోపీతోనే అతని చెంప మీద ఫెడీమని కొట్టాడు.

"చేతకాకపోతే చెప్పు, చీపురిస్తాను. ఊడుద్దువు గాని."

పిడుగు పళ్ళు కొరికాడు. సారును కొడితే ఉద్యోగం ఊడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సుత్తి తీసుకుని పెట్టె దగ్గరికి నడిచాడు.

సాయంత్రం ఇంట్లో రెండో అంకం. గదిలో కుర్చీ ఒకటి విరిగింది, గోడకు తగిలి గ్లాసు ముక్కలైంది. అడ్డం వచ్చిన మరిదికి మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. ఈ మరిది కూడా ప్రెస్సు జట్టులోవాడే. అన్న ఎంత మంటో, తమ్ముడు అంత మంచు.

"నా పెట్టె పగలగొట్టే బదులు వాడి పళ్ళు రాలగొట్టలేకపోయావా? మగాడివేగా!" అంది జోలక్క చీపురుతో గాజు ముక్కలు తోస్తూ.

"రేపు మళ్ళీ ప్రెస్సు ఆగిందనుకో, వాడు మళ్ళీ చెయ్యెత్తుతాడు. ఎత్తిన చెయ్యి దించేలోగా వాణ్ణి ఆ అచ్చు మీద పడుకోబెడతాను. ఒట్టు! నువ్వు జైలుకి క్యారేజీ తెచ్చుకుందువు గాని."

"అన్నా, ఊరుకో" అన్నాడు మరిది పెదవి ఒత్తుకుంటూ.

పిడుగు ఊరికే అనడు. ఆ సంగతి జోలక్కకు బాగా తెలుసు. రేపు ప్రెస్సు ఆగకూడదు. ఆగితే ఇంట్లో ఒక మనిషి మిగలడు.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ప్రెస్సు తీగల్ని నిద్రపుచ్చడం మానెయ్యడం ఒకటి. అది రెండు నిమిషాల పని. కానీ మానేస్తే ఇన్నాళ్ళూ ప్రెస్సు ఆగింది తన జోలపాట వల్లేనని ఒప్పుకున్నట్టే కదా! మొగుడు చెంపదెబ్బ తిన్నది తన వల్లేనని ఒప్పుకున్నట్టే కదా! అందుకని ఆమె రెండో దారి పట్టింది. ప్రెస్సుకు ఓపిక నేర్పింది. కబురు కాస్త ఆలస్యమైతే వెంటనే ఆగిపోకుండా, ఇంకాస్సేపు చూడమని దాని లెక్క మార్చింది. చూడండి ఖర్మ! ఆ ఇంట్లో మొగుడికి ఓపిక లేదు, పెళ్ళానికి ఓపిక లేదు, పైనున్న సారుకు అసలే లేదు. ఓపిక ఉండకూడని ఒక్క ఇనుప ముద్దకు మాత్రం దాన్ని పట్టుబట్టి నేర్పారు.

ఆమె తెలివితక్కువది కాదు. ప్రెస్సు ఆలస్యంగా ఆగితే, చెయ్యి అచ్చును చేరడానికీ ఆలస్యం కావాలి. అంటే తెర దూరం జరగాలి. పగిలిన పెట్టె స్థానంలో కొత్తది పెట్టిస్తూనే, స్తంభాల బోల్టులు విప్పించి తెరను ఒక బార వెనక్కి జరిపించింది. నేల మీద పసుపు గీత కూడా గీయించింది. లెక్క అక్షరాలా సరిపోయింది.

"ఎందుకు వదినా వెనక్కి? ఇప్పుడు రేకు పెట్టినప్పుడల్లా అంత దూరం నడవాలిగా!" అని అడిగాడు మరిది.

"కిటికీలోంచి ఎండ పడి తెర బెదురుతోంది. అందుకే ప్రెస్సు ఆగిపోతోంది" అంది జోలక్క.

ఒక్క ముక్క. నిజం చెప్పడానికీ అంతే సేపు పట్టేది. నోరు రాలేదు మహాతల్లికి!

ప్రెస్సు ఆగడం మానేసింది. షీల్డు సారు పిడుగు భుజం తట్టి, టోపీ సర్ది, "ఇదీ పనంటే" అన్నాడు. పిడుగు ఇంటికి వస్తూ కొత్త కుర్చీ మోసుకొచ్చాడు. "జోలమ్మా, నాకూ ఒక పాట పాడవే, నిద్రపోతాను" అని పెళ్ళాం ఒళ్ళో తలపెట్టాడు. జోలక్క నవ్వింది. చెప్పేద్దామనుకుని కూడా, ఇప్పుడంతా బాగుంది కదా, నిద్రపోయే కుక్కను తన్ని లేపడమెందుకని మింగేసేది.

కానీ జట్టువాళ్ళకు కాళ్ళున్నాయి, ఆ కాళ్ళకు నొప్పులున్నాయి. రేకు పెట్టడం, బార దూరం వెనక్కి నడవడం, గుద్దాక మళ్ళీ ముందుకు నడవడం. సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి, లెక్కలో తలుపులు తగ్గేవి. తగ్గితే సారు చెయ్యి మళ్ళీ లేస్తుంది. ఒక ఉదయం జట్టంతా కూడి గుట్టుచప్పుడు కాకుండా బోల్టులు విప్పి, తెరను పాత చోటుకే తెచ్చి బిగించారు. ఎండ పడకుండా కిటికీకి అట్టముక్క కూడా కట్టారు, పాపం! వదిన మాట మీద అంత నమ్మకం వాళ్ళకు.

పైగా వాళ్ళు చూసుకోకుండా దిగినవాళ్ళు కాదు. ప్రెస్సు జట్టుకు ఒక ఆచారం ఉంది. షిఫ్టు మొదలయ్యేటప్పుడు ప్రెస్సు దిగుతుండగా మేస్త్రీ తన గ్లౌజు ఒకటి తెరలోంచి అచ్చు మీదికి విసురుతాడు. గ్లౌజు నలగకుండా ప్రెస్సు ఆగితేనే పని మొదలు. నలిగితే ఎంత పెద్దవాడు చెప్పినా ఎవరూ ముట్టుకోరు. ఆ ఉదయమూ పిడుగు గ్లౌజు విసిరాడు. ప్రెస్సు టక్కున ఆగింది. గ్లౌజు మీద గీత కూడా పడలేదు. ఎందుకు పడుతుంది? ఉదయం అన్ని యంత్రాలూ ఒక్కసారి లేచి గోలగోలగా మాట్లాడుకుంటాయి, వ్యాను క్షణంలో నిండుతుంది, తెర కేక ఇలా వెళ్ళి అలా చేరుతుంది. గ్లౌజు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన వేళకు అడగలేదు, అంతే.

భోజనం వేళ క్యాంటీన్‌లో మరిది వచ్చి జోలక్క ఎదురుగా కూర్చున్నాడు. ప్లేటు ముందుకు లాక్కుని ఇకిలించాడు.

"వదినా, కోప్పడనంటే ఒక మాట చెప్తాను."

"చెప్పి చావు."

"నీ తెర ఉంది చూడు, దాన్ని పొద్దున పాత చోటికే తెచ్చేశాం. కిటికీకి అట్ట కట్టాంలే. గ్లౌజు కూడా విసిరి చూశాం, బ్రహ్మాండంగా ఆగింది."

జోలక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడు ప్రెస్సు మీద ఎవరున్నారు?"

"అన్న. ఇంకెవరుంటారు? ఇప్పుడు తన వంతేగా."

షెడ్డు వైపు చెవి పెట్టింది. చప్పుడు లేదు. అన్నీ పడుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఒక్క ప్రెస్సే, ధన్... ధన్... అని గుద్దుతోంది. బల్ల తోసేసి పరిగెత్తింది. ప్లేట్లు పడ్డాయి, ఎవరో తిట్టారు, మరిది "వదినా!" అని వెనక పడ్డాడు. ఏమీ పట్టలేదు.

షెడ్డు తలుపు దాటేసరికి కనపడింది. అచ్చు మీద రేకు వంకరగా పడింది. ప్రెస్సు దిగడం మొదలైంది. పిడుగు నింపాదిగా ముందుకు వంగి, రేకు సర్దడానికి చెయ్యి చాపుతున్నాడు. ప్రెస్సు మేస్త్రీలందరూ చేసే పనే అది. తెర ఉండగా భయమేమిటి? చెయ్యి పెడితే ఆగుతుంది. ఇన్నేళ్ళూ ఆగింది.

"చెయ్యి తియ్యీ!" అని ఆమె పెట్టిన కేక అతని చెవిలోని దూది దాటలేదు. ఎర్ర బటన్ ప్రెస్సుకు అవతలి పక్కన ఉంది. మధ్యలో కంచె ఉంది. కంచెకు ఆనించి అచ్చులు కదిపే ఇనుప కడ్డీ ఉంది. జోలక్క దాన్ని రెండు చేతులా ఎత్తి, కంచె మీదుగా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మొగుడి ముంజేతి మీద కొట్టింది.

ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినపడింది. చెయ్యి పక్కకు ఎగిరిపోయింది. వదులుగా ఉన్న గ్లౌజు ఊడి అచ్చు మీద పడింది. ప్రెస్సు దిగింది. ఆగలేదు. పూర్తిగా దిగి, గ్లౌజును రేకులోకి గుద్ది, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగింది.

పిడుగు నేల మీద పడి గావుకేక పెట్టాడు. "చంపేస్తానే! నిన్ను నరికేస్తానే!" అని లేవబోయి, ఆ చెయ్యే నేలకు ఆన్చి, మళ్ళీ పడ్డాడు. పరిగెత్తుకొచ్చిన జట్టువాళ్ళు ఆమె చేతిలోని కడ్డీ చూశారు, వాలిపోయిన మేస్త్రీ చెయ్యి చూశారు. ఒకడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఇంకొకడు వీపు మీద గుద్దాడు. "ఇదేం పోయేకాలం? మొగుణ్ణి కొడతావా?" అని తలా ఒక తిట్టు. జోలక్క విదిలించుకోలేదు. ఆ దెబ్బలు ఆమెకు తక్కువే అనిపించాయి.

షీల్డు సారు వచ్చి ఒక్క చూపులో అంతా చూశాడు. ఇనుప రేకులో అచ్చుపడిన గ్లౌజునూ చూశాడు. గొంతు తగ్గించి ఆమె చెవి దగ్గర అన్నాడు.

"మొగుడూ పెళ్ళాల గొడవ. సరేనా? పెట్టె ఊసూ వద్దు, తీగల ఊసూ వద్దు. రేపే షీల్డు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. నీ ఉద్యోగం నేను చూసుకుంటాను."

జోలక్క అతని మొహంలోకి చూసింది. తన మొహమే అద్దంలో చూసుకున్నట్టయింది. అతని చెంప పగిలేలా కొట్టింది. సారు టోపీ వెళ్ళి అచ్చు మీద పడింది.

"ఎండా లేదు, గిండా లేదు!" అని జట్టు వైపు తిరిగి అరిచింది. "ప్రెస్సు ఆగిపోయింది నా వల్ల. నా తీగల నిద్ర వల్ల. ఒప్పుకోలేక దానికి ఓపిక పెంచాను. అది ఇప్పుడు ఆలస్యంగా ఆగుతుంది, అందుకే తెర వెనక్కి జరిపాను. మీకు చెప్పలేదు. చెబితే చిన్నతనమవుతుందని చెప్పలేదు. ఒక్క క్షణం నేను ఆలస్యమైతే ఆ గ్లౌజులో అతని చెయ్యి ఉండేది."

జుట్టు పట్టుకున్నవాడు వదిలేశాడు. పిడుగు పడుకున్నచోటినుంచే తల తిప్పి గ్లౌజు వైపు చూశాడు. అయిదు వేళ్ళూ రేకులో అప్పడంలా అంటుకుపోయి ఉన్నాయి. అతను తిట్టడం మానేశాడు. పెళ్ళాం వైపు మాత్రం చూడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడూ చూడలేదు. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకుని, "ప్రెస్సును నమ్మాను, పరవాలేదు. నిన్ను కూడా నమ్మానే" అన్నాడు. ఆ మాటకు జోలక్క ఏడ్చినంత ఏడుపు, విరిగిన చెయ్యి అతనిదైనా అతను ఏడవలేదు.

మర్నాడు, షీల్డు వాళ్ళు వచ్చే రోజని సారు మొత్తుకుంటున్నా, ఆమె చెయ్యాల్సింది చేసింది. ప్రెస్సు తీగలకు నిద్ర తీసేసింది. ప్రెస్సు ఓపిక తీసేసి, దాని అనుమానం దానికి తిరిగి ఇచ్చింది. తెర పాత చోటే చాలునని లెక్క చూసుకుని, జట్టుకు విడమరిచి చెప్పింది. వాళ్ళు విన్నారు. వింటూ చేతులు కట్టుకునే నిలబడ్డారు.

"గ్లౌజు విసిరి చూడండి" అంది.

"నిన్న కూడా విసిరాం వదినా" అన్నాడు మరిది. వెటకారం లేదు ఆ గొంతులో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"అయితే భోజనం వేళదాకా ఆగండి. సద్దుమణగనివ్వండి. అప్పుడు నా చెయ్యి పెడతాను."

భోజనం వేళ యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. క్యాంటీన్‌కు ఎవరూ వెళ్ళలేదు. షెడ్డంతా ప్రెస్సు చుట్టూ చేరింది. మెడలో చేతికట్టుతో పిడుగు కూడా వచ్చి నిలబడ్డాడు, ఎవరూ పిలవకుండానే. జోలక్క గాజులు తీసి మరిదికిచ్చింది. ప్రెస్సు నడిపే బటన్ దగ్గర ఎవరూ నిలబడనన్నారు. చివరికి పిడుగు జనాన్ని తోసుకుని వెళ్ళి, ఎడమచెయ్యి బటన్ మీద పెట్టాడు. అప్పుడు చూశాడు ఆమె వైపు, నిన్నటినుంచి మొదటిసారి.

"లెక్క సరిగ్గా చూశావా?"

"చూశాను."

"ఇంకోసారి చూసుకోవే."

"నొక్కవయ్యా!"

నొక్కాడు. ఏనుగంత బరువు పైనుంచి కదిలింది. జోలక్క కళ్ళు మూసుకోలేదు. తెర దాటించి, అరచెయ్యి అచ్చు మీద బోర్లించింది. ఇనుము చల్లగా తగిలింది.

ప్రెస్సు ఆగింది. ఆమె తల కన్నా ఎత్తులోనే, దిగడం మొదలుపెట్టిన చోటే ఆగిపోయింది. ఎవరో "అమ్మయ్య" అన్నారు. జోలక్క మాత్రం చెయ్యి తియ్యలేదు. పైకి చూస్తూ అలాగే నిలబడింది, నమ్మకం కుదరనట్టు. పిడుగు బటన్ దగ్గరినుంచి పరుగున వచ్చి, ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఆ లాగుడికి ఆమె అతని కట్టు మీదే పడింది. అతను నొప్పికి బూతు తిట్టాడు గానీ మణికట్టు వదల్లేదు.

"ఒరేయ్, ఇకనుంచి గ్లౌజు భోజనం వేళ కూడా విసరాలి" అన్నాడు తమ్ముడితో.

తరవాత పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఇంటికెళ్ళాక అన్నం నువ్వే కలిపి పెట్టాలి. కుడిచెయ్యి లేదుగా నాకు."